కోలారు సీమ నీళ్ళు – మన పిల్లల పళ్ళు

(పాఠశాల ప్లాటినం జూబిలీ ఉత్సవాల సందర్భంగా తల్లిదండ్రుల సభలో ఒక దంతవైద్యుడు చేసిన ప్రసంగ పాఠం)



కన్నడ నేల మీద 75 సంవత్సరాలుగా తెలుగు అక్షరాన్ని నిలబెట్టడం సామాన్యమైన విషయం కాదు. ముళబాగిలు, శ్రీనివాసపురం, బంగారుపేట పరిసరాలలో ఇంట తెలుగు, వీధిలో కన్నడం, కె.జి.ఎఫ్. వీధులలో దానికి తోడు తమిళం మాట్లాడుతూ పెరిగే పిల్లలకు తమ తల్లి పలుకును తప్పులేకుండా చదవడం, వ్రాయడం నేర్పిన విద్యాలయమిది. ఇటువంటి సభలో సాహిత్యం గురించో, చరిత్ర గురించో మాట్లాడవలసిన చోట పళ్ళను గురించి మాట్లాడమని నన్ను ఆజ్ఞాపించారు. పలుకు పుట్టేది నోటిలోనే, దానికి స్పష్టతనిచ్చేవి పళ్ళే గనుక, ఈ విషయం ఈ ప్రాంగణానికి పరాయిది కాదని భావించి సాహసిస్తున్నాను.

పంటి వైద్యుడంటే పన్ను పీకేవాడని మనవారి అభిప్రాయం. నొప్పి భరించలేనప్పుడు, దవడ వాచినప్పుడు, రాత్రి నిద్ర పట్టనప్పుడు మాత్రమే ఆయన గుర్తుకు వస్తాడు. కాని, వానలు రాకముందే చెరువు కట్టను చూసుకోవాలని ఈ సీమ రైతుకు ఎవరూ చెప్పనక్కరలేదు. గండి పడిన తరువాత కట్ట వేయడానికి ఎంత ఖర్చో, ఎంత నష్టమో అతనికి తెలుసు. ఛాంపియన్ రీఫ్ గనిలో 3 కిలోమీటర్లకు పైగా లోతున పనిచేసిన మన తాతలకూ, తండ్రులకూ ఇదే విషయం మరొక విధంగా తెలుసు. బండ కూలిన తరువాత కాదు, కూలకముందే ఊతం పెట్టాలి. 2001 ఫిబ్రవరి 28న ఆ గనులు మూతపడ్డాయి గాని, ఆ పాఠం మూతపడలేదు. పళ్ళ విషయంలో ఆ ముందుచూపు ఏ విధంగా ఉండాలో, దంతవైద్యులు తమ నిత్య వృత్తిలో పుచ్చును రాకుండా ఎలా ఆపుతారో చెప్పడమే నా ఉద్దేశం. అందులోనూ మన కోలారుకు ఒక ప్రత్యేక సమస్య ఉన్నది. ఇతర ప్రాంతాల వారికి చెప్పే సలహా మనకు యథాతథంగా సరిపోదు. ఆ సంగతి ముందుగా పుచ్చు స్వభావం తెలుసుకుంటే గాని బోధపడదు.

పన్ను పుచ్చడమంటే పురుగు తొలవడం కాదు. పంటిలో పురుగు ఉండదు. మన నోటిలో కంటికి కనబడని సూక్ష్మజీవులు కోట్ల సంఖ్యలో నివసిస్తాయి. అవి పంటిమీద జిగురువంటి పాచిగా అంటుకొని ఉంటాయి. మనం తిన్న చక్కెర, బెల్లం, బిస్కట్టు, మెత్తని పిండి పదార్థం వాటికి కూడా ఆహారమే. అవి దానిని తిని ఆమ్లాన్ని విడుస్తాయి. పంటిపై ఉండే ఎనామిల్ అనే పొర మన శరీరంలో అన్నిటికంటె గట్టి పదార్థం. కాని ఆమ్లత్వాన్ని కొలిచే పి.హెచ్. విలువ సుమారు 5.5 కన్న తగ్గినప్పుడు అంతటి గట్టి పొర నుండి కూడా కాల్షియం, ఫాస్ఫేటు కరిగి బయటికి పోతాయి. ఆ తరువాత లాలాజలం మెల్లగా ఆ ఆమ్లాన్ని విరిచి, పోయిన ఖనిజాన్ని తిరిగి పంటికి చేరుస్తుంది. ఇందుకు సుమారు అరగంట నుండి గంట వరకు పడుతుంది. అమెరికాలో రాబర్ట్ స్టీఫన్ అనే పరిశోధకుడు 1940వ దశకంలోనే ఈ ఎగుడుదిగుడులను కొలిచి చూపించాడు.

దీనిని బట్టి ఒక ముఖ్యమైన సంగతి తేలుతున్నది. ఎంత తీపి తిన్నామన్నదాని కంటె ఎన్నిసార్లు తిన్నామన్నది ప్రధానం. పండుగనాడు భోజనంతో పాటు రెండు ఒబ్బట్లు తిన్న బిడ్డ కంటె, జేబులో చాక్లెట్లు పోసుకొని గంటకొకటి చప్పరించే బిడ్డ పళ్ళే త్వరగా పుచ్చుతాయి. రెండవ బిడ్డ నోటికి కోలుకునే వ్యవధి ఉండదు. స్వీడన్ దేశంలో విపెహోమ్ అనే చోట 1940, 1950 దశకాలలో జరిగిన పరిశోధన ఈ విషయాన్నే రుజువు చేసింది. అక్కడి ఆశ్రమ రోగుల అనుమతి లేకుండా వారిపై ఆ ప్రయోగం చేయడం అన్యాయమని తరువాత లోకం గర్హించింది గాని, భోజనానికీ భోజనానికీ నడుమ పదే పదే తినే జిగురు మిఠాయి పళ్ళకు పరమ శత్రువన్న సత్యం మాత్రం నిలిచింది.

పుచ్చు మొదటి దశలో గుంటగా కనబడదు. చిగురు అంచున, పాచి పేరుకునే చోట, మెరుపు తగ్గిన ఒక తెల్లని మచ్చగా కనబడుతుంది. ఈ దశలో పన్ను ఇంకా తనంతట తాను కోలుకోగలదు. గుంట పడిన తరువాత మాత్రం వెనుకకు మరలడం ఉండదు. అప్పుడు సిమెంటు నింపాలి, తరువాత రూట్ కెనాల్ చికిత్స, అదీ కుదరకపోతే పన్ను తీసివేయడం. భారత దంతవైద్య మండలి 2002–03లో జరిపించిన జాతీయ సర్వేలో 12 ఏళ్ళ పిల్లలలో సగం మందికి పైగా పుచ్చు పళ్ళున్నట్లు తేలింది. అంటే మన తరగతి గదిలో ఒక్కొక్క బెంచీ మీద ఇద్దరు కూర్చుంటే అందులో ఒకరన్నమాట.

ఇక మన సీమ ప్రత్యేక సమస్యకు వస్తాను. కోలారు జిల్లాకు జీవనది లేదు. పాలారు ఇక్కడ ప్రవహిస్తుంది గాని ఏడాది పొడుగునా పారదు. అందుకే పెద్దలు ఊరూరా చెరువులు త్రవ్వించారు. కె.జి.ఎఫ్. గనుల పట్టణానికి కూడ బేతమంగళం జలాశయపు నీరే గొట్టాల ద్వారా వచ్చింది. చెరువులు పూడిపోయి, బావులు ఎండిపోయిన కొలదీ మనం బోరుబావుల మీద ఆధారపడ్డాము. ఇప్పుడు వెయ్యి అడుగులు దాటి త్రవ్వినా నీరు పడుతుందో లేదో తెలియదు. ఈ నేల అడుగున ఉన్నది నల్లరాయి. ఆ శిలలలోని కొన్ని ఖనిజాలలో ఫ్లోరిన్ ఉన్నది. రాతిసందులలో ఏళ్ళ తరబడి నిలిచిన నీరు ఆ ఫ్లోరైడును కరిగించుకొని పైకి తెస్తుంది. నీటిలో కాల్షియం తక్కువై, బైకార్బొనేటు ఎక్కువైతే మరింత కరుగుతుంది. నేలమీది చెరువు నీటిలో సాధారణంగా ఈ బాధ తక్కువ. భారత ప్రమాణాల సంస్థ నిర్ణయం ప్రకారం తాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము వరకు ఉండవచ్చు. వేరే దారి లేనప్పుడు 1.5 మిల్లీగ్రాముల వరకు అనుమతిస్తారు. మన జిల్లాలో అనేక గ్రామాల బోరుబావులు ఈ హద్దును దాటినవే.

ఎనిమిదేళ్ళ లోపు బిడ్డ ఇటువంటి నీరు నిత్యం తాగితే, అప్పటికి ఇంకా చిగురు లోపల తయారవుతూ ఉన్న శాశ్వత దంతాల ఎనామిల్ సరిగా గట్టిపడదు. పన్ను బయటికి వచ్చినప్పుడు సున్నపు చారలతోనో, పసుపు, గోధుమ రంగు మచ్చలతోనో, తీవ్రమైతే గుంటలతోనో కనబడుతుంది. దీనినే దంత ఫ్లోరోసిస్ అంటారు. అంతకు మించిన మోతాదులో ఏళ్ళ తరబడి తాగితే ఎముకలు, కీళ్ళు బిగుసుకుపోతాయి. మన దేశంలో ఈ వ్యాధిని మొట్టమొదట వైద్యలోకానికి తెలిపినది 1937లో. ఆనాటి మద్రాసు రాజధానిలో, నెల్లూరు జిల్లాకు చెందిన పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాల తెలుగు పల్లెలలో దీనిని గుర్తించారు. నల్లగొండ జిల్లా ప్రజలు పడిన బాధలు జగమెరిగినవే. పటిక, సున్నం వేసి నీటి నుండి ఫ్లోరైడును తగ్గించే పద్ధతికి నాగపూరులోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థవారు ‘నల్లగొండ పద్ధతి’ అనే పేరే పెట్టారు. ఈ కథలో తెలుగువారి పాలు ఇంత ఉన్నది.

విచిత్రమేమిటంటే, పంటి పుచ్చును ఆపడానికి దంతవైద్యుల చేతిలో ఉన్న ప్రధానమైన ఆయుధం కూడా ఈ ఫ్లోరైడే. 1901లో అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్స్ పట్టణానికి వచ్చిన మెకే అనే దంతవైద్యుడు అక్కడివారి పళ్ళమీద గోధుమరంగు మచ్చలు చూచి ఆశ్చర్యపడ్డాడు. ఆ మచ్చల పళ్ళు పుచ్చడం తక్కువని కూడా గమనించాడు. 1931లో చర్చిల్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు ఆ నీటిలోని ఫ్లోరైడే కారణమని కనిపెట్టాడు. తగు పాళ్ళలో ఉంటే మేలు, మితిమీరితే కీడు అని తేలింది. నేటి శాస్త్రజ్ఞానం దీనికి మరొక ముఖ్యమైన మాట చేర్చింది. ఫ్లోరైడు పుచ్చును ఆపేది ప్రధానంగా పంటి ఉపరితలాన్ని తాకడం ద్వారానే. లాలాజలంలో కొద్దిపాటి ఫ్లోరైడు ఉంటే, కరిగిపోయిన ఖనిజం తిరిగి పంటికి చేరడం త్వరపడుతుంది, అలా ఏర్పడిన పొర ఆమ్లానికి అంత సులభంగా లొంగదు. మచ్చలు కలిగించేదేమో కడుపులోకి పోయిన ఫ్లోరైడు. ఈ ఒక్క భేదాన్ని గుర్తుంచుకుంటే నా ప్రసంగ సారాంశం మీ చేతిలో ఉన్నట్లే. ఫ్లోరైడు పంటిమీద ఉండవలసినది, పసిబిడ్డ కడుపులోకి పోవలసినది కాదు.

“అయ్యా, మన నీళ్ళలోనే కావలసినంత ఫ్లోరైడు ఉన్నదంటున్నారు, మళ్ళీ ఫ్లోరైడు పేస్టెందుకు?” అని తల్లులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. లెక్క వేసి చూద్దాం. లీటరుకు 3 మిల్లీగ్రాముల ఫ్లోరైడున్న బోరునీటిని ఒక బిడ్డ రోజుకు ఒక లీటరు తాగినదనుకుందాం. ఆ బిడ్డ కడుపులోకి 3 మిల్లీగ్రాములు పోయింది. మన దేశ చట్టం ప్రకారం పేస్టులో ఫ్లోరైడు 1000 పి.పి.ఎం. మించకూడదు, అంటే గ్రాము పేస్టులో 1 మిల్లీగ్రాము. బఠానీ గింజంత పేస్టు సుమారు పావు గ్రాము ఉంటుంది. దానిని బిడ్డ పూర్తిగా మింగినా లోపలికి పోయేది పావు మిల్లీగ్రామే. ఉమ్మివేస్తే అందులోనూ స్వల్పభాగమే. దోషం నీటిలో ఉండగా పేస్టును నిందించి మానిపించడం వల్ల మచ్చలూ పోవు, పుచ్చూ ఆగదు. మార్చవలసినది నీరు. సరిగా వాడవలసినది పేస్టు. మచ్చలున్న పన్ను పుచ్చదన్న ధీమా కూడా తగదు. ఫ్లోరోసిస్ తీవ్రమై గుంటలు పడిన పంటిలో పాచి నిలిచి, పుచ్చు మరింత సులభంగా పడుతుంది.

నీటి విషయంలో చేయవలసినవి చెబుతాను. మొదట పరీక్ష. రంగు, రుచి, వాసనలను బట్టి ఫ్లోరైడును గుర్తించడం ఎవరితరమూ కాదు. గ్రామ పంచాయతీ ద్వారా జిల్లా నీటి పరీక్షా కేంద్రంలో పరీక్ష చేయించవచ్చు. 2019లో ప్రారంభమైన జల జీవన్ మిషన్ క్రింద గ్రామాలలో మహిళలకు నీటి పరీక్ష పెట్టెలు వాడడంలో శిక్షణ ఇస్తున్నారు. రెండవది, నీటిని కాచినంత మాత్రాన ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరై తగ్గిన కొద్దీ మిగిలినదానిలో దాని పాలు పెరుగుతుంది. మూడవది, ఊళ్ళలో పెట్టిన శుద్ధజల కేంద్రాల ఆర్.ఓ. యంత్రం ఫ్లోరైడును చాలావరకు తొలగిస్తుంది. కాని అనేక ఇళ్ళలో ఆ నీటిని తాగడానికి మాత్రమే వాడి, అన్నం, సంకటి, పప్పు, కాఫీ, టీలకు బోరునీరే వాడుతున్నారు. పిల్లలున్న ఇంట వంటకు కూడా మంచి నీటినే వాడాలి. నాలుగవది, టీ ఆకులో సహజంగానే ఫ్లోరైడు ఉన్నది గనుక చిన్నపిల్లలకు టీ అలవాటు చేయవద్దు. దానికి బదులు పాలు ఇవ్వండి. వంద గ్రాముల రాగులలో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉన్నది. ఆహారంలో కాల్షియం సమృద్ధిగా ఉంటే ఒంటికి పట్టే ఫ్లోరైడు తగ్గుతుంది. పాడికీ, రాగికీ పేరుపొందిన కోలారులో మన తాతముత్తాతల సంకటి, మజ్జిగలను చిన్నచూపు చూడడం తగదు.

మరొక సంగతి. 2018 నుండి బెంగళూరు వాడుకనీటిని శుద్ధిచేసి మన జిల్లా చెరువులకు మళ్ళిస్తున్నారు. అది భూగర్భ జలాన్ని పెంచడానికే గాని తాగడానికి కాదు. బోరు నీటి గుణం కూడా ఎప్పుడూ ఒకేలా ఉండదు. అందుచేత ఒకసారి చేయించిన పరీక్షతో సరిపెట్టుకోక, ఏటేటా చేయించడం మంచిది.

ఇక దంతవైద్యుడు తన గదిలో ఏమి చేస్తాడో చూద్దాం. కోలారులో శ్రద్ధగల వైద్యుడు నోరు తెరవమనడానికి ముందు ఒక ప్రశ్న అడగాలి: “ఏ నీళ్ళు తాగుతున్నారు?” ఒకే తరగతిలో, ఒకే బెంచీ మీద కూర్చున్న ఇద్దరు పిల్లలలో ఒకరు బోరునీరు తాగవచ్చు, మరొకరు ఆర్.ఓ. నీరు తాగవచ్చు. మొదటి బిడ్డకు మచ్చల భయం. రెండవ బిడ్డ నీటిలో ఫ్లోరైడు దాదాపు లేదు, పేస్టు కూడా వాడకపోతే పుచ్చుకు అడ్డే ఉండదు. ఇద్దరినీ ఒకే గాటన కట్టలేము. తరువాత తిండి గురించి, రాత్రి పాలసీసా నోట పెట్టుకొని నిద్రించే అలవాటు గురించి, తీపి మందుల గురించి అడుగుతాడు. పెద్దలనైతే పొగాకు, ఖైనీ, ఆకువక్కల గురించి అడుగుతాడు.

ఆ పిమ్మట పళ్ళను శుభ్రపరచి, గాలితో ఆరబెట్టి, మంచి వెలుతురులో చూస్తాడు. తెల్లమచ్చ కనబడితే అది ఫ్లోరోసిసా, పుచ్చు తొలిదశా అని తేల్చుకోవాలి. ఈ భేదం మన సీమలో ఎంతో ముఖ్యం. ఫ్లోరోసిస్ మచ్చ కుడి, ఎడమలలో ఒకే జత పళ్ళమీద ఇంచుమించు ఒకే తీరుగా, అడ్డచారలుగా వ్యాపిస్తుంది. పుచ్చుమచ్చ చిగురు అంచున, పాచి క్రింద, మెరుపులేక గరుకుగా ఉంటుంది. మొదటిది ఎన్నో ఏళ్ళ క్రిందటి నీటి గుర్తు. రెండవది నేడే చికిత్స కోరే జబ్బు. మచ్చ రూపం వల్ల కుంగిపోయే యువతీయువకులకు ఆ మచ్చలను తగ్గించే చికిత్సలున్నాయి. ఇటుకపొడి, బొగ్గుపొడి వేసి తోమితే మచ్చ పోదు, ఎనామిలే అరుగుతుంది.

పుచ్చును ఆపే చికిత్సలలో మొదటిది ఫ్లోరైడు వార్నిష్. జిగురువంటి ఈ మందును చిన్న కుంచెతో పళ్ళకు పూస్తారు. అరనిమిషం పని. నొప్పి లేదు, సూది లేదు. కొన్ని గంటలు గట్టి పదార్థాలు తినకుండా, ఆ రాత్రి పళ్ళు తోమకుండా ఉంటే చాలు. పుచ్చు భయం ఎక్కువగా ఉన్న పిల్లలకు 3 నుండి 6 నెలలకొకసారి పూస్తారు. పసిపిల్లలకు వాడే పావు మిల్లీలీటరులో మొత్తం ఫ్లోరైడు 6 మిల్లీగ్రాముల లోపే. అంటే ఇందాక చెప్పిన బోరునీరు రెండు రోజులు తాగిన దానికంటె తక్కువ. తెల్లమచ్చ దశలో ఉన్న పంటిని కోలుకొనేటట్లు చేయడంలో ఇది మంచి సాధనం. అయితే ఎవరికి అవసరమో వైద్యుడు పరీక్షించి నిర్ణయించాలి గాని, అందరికీ ఒకే మూసగా పూయవలసినది కాదు.

రెండవది సీలెంటు. దీనిని గురించి తల్లిదండ్రులు ప్రత్యేకంగా వినవలసినదిగా కోరుతున్నాను. బిడ్డకు ఆరవ ఏట, పాలపళ్ళన్నిటికీ వెనుక, ఏ పన్నూ ఊడకుండానే ఒక పెద్ద దవడ పన్ను వస్తుంది. పై వరుసలో రెండు, క్రింది వరుసలో రెండు, మొత్తం నాలుగు. ఏదీ ఊడలేదు గనుక అది కూడా పాలపన్నేనని తల్లి అనుకుంటుంది. పుచ్చితే “ఊడిపోయి వేరేది వస్తుందిలే” అని ఊరుకుంటుంది. అది శాశ్వత దంతం. పోతే మరి రాదు. దాని నమిలే తలంలో గాళ్ళు, పగుళ్ళ వంటి సన్నని లోయలుంటాయి. వాటిలో కొన్ని బ్రష్షు కుచ్చులోని ఒక్క పోగు కంటె కూడా ఇరుకు. ఎంత తోమినా అక్కడి మెతుకు బయటికి రాదు. పన్ను బాగా పైకి వచ్చిన వెంటనే, పుచ్చకముందే, వైద్యుడు ఆ తలాన్ని శుభ్రంచేసి, కొద్దిసేపు ఆమ్లపు జెల్ వేసి కడిగి, ఆరబెట్టి, పలుచని రెసిన్ పోసి కాంతితో గట్టిపరుస్తాడు. లోయలు మూసుకుపోతాయి. కోయడం, గీకడం ఏమీ లేదు. ఎనామిల్‌పై ఆమ్లం పూస్తే రెసిన్ గట్టిగా పట్టుకుంటుందని 1955లో బూనకోర్ అనే అమెరికన్ దంతవైద్యుడు కనుగొన్నదే దీనికి మూలం. ఫ్లోరోసిస్ ఉన్న ఎనామిల్‌పై పట్టు చిక్కడం కష్టం గనుక మన ప్రాంతంలో ఆ జెల్‌ను మరికొంతసేపు ఉంచుతారు. తరువాత ఏటేటా చూపించి, ఊడినచోట మళ్ళీ వేయించుకోవాలి. పన్నెండవ ఏట వచ్చే రెండవ దవడ పళ్ళకు కూడా ఇదే రక్ష.

మూడవది, ఇప్పటికే గుంటలు పడిన చిన్నపిల్లల కొరకు. కుర్చీలో కూర్చోలేని, యంత్రపు మోతకు బెదిరే మూడు, నాలుగేళ్ళ బిడ్డల పుచ్చుపళ్ళకు సిల్వర్ డయమైన్ ఫ్లోరైడు అనే ద్రవాన్ని అద్దుతారు. అది సూక్ష్మజీవులను చంపి పుచ్చును గట్టిపరచి ఆపుతుంది. పుచ్చిన భాగం శాశ్వతంగా నల్లబడుతుందని తల్లిదండ్రులకు ముందే చెప్పి, వారి సమ్మతి తీసుకోవడం వైద్యుని ధర్మం. చేతి పనిముట్లతోనే మెత్తబడిన భాగాన్ని తీసి గ్లాస్ అయొనోమర్ సిమెంటు నింపే పద్ధతి కూడా ఉన్నది. ఆ సిమెంటు తనలోని ఫ్లోరైడును మెల్లగా పంటికి అందిస్తుంది. కరెంటు లేని పల్లె బడిలో కూడా చేయగల చికిత్స ఇది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఈ రెండింటినీ తన అత్యవసర ఔషధాల పట్టికలో చేర్చిందంటే వీటి విలువ గ్రహించవచ్చు.

పాలపళ్ళు ఎలాగూ ఊడిపోయేవే గదా అని కొందరంటారు. ఆ 20 పళ్ళలో వెనుకవి పది, పన్నెండేళ్ళ వరకు ఉండవలసినవి. అవి తరువాత రాబోయే పళ్ళకు చోటు కాచి ఉంచుతాయి. ముందుగా పోతే కొత్త పళ్ళు వంకర టింకరగా వస్తాయి. పంటినొప్పితో రాత్రంతా మేలుకున్న బిడ్డ మరునాడు తరగతిలో పాఠమెలా వింటుంది? ఎక్కాలు రాకపోవడానికి ఎప్పుడూ సోమరితనమే కారణం కాదని ఉపాధ్యాయ మిత్రులు కూడా గమనింతురు గాక. గార తీయిస్తే పళ్ళు వదులవుతాయన్న మాట కూడా అపోహయే. అప్పటికే చిగురును తిని పంటిని కదిలించినది ఆ గారే. దానిని తీసినప్పుడు ఆ కదలిక బయటపడుతుంది, అంతే.

ఇంట చేయవలసిన పని చాలా స్వల్పం. ఉదయం, రాత్రి పడుకునే ముందు, రెండు పూటలా తోమాలి. రెండింటిలో ముఖ్యమైనది రాత్రిదే. నిద్రలో లాలాజలం తగ్గి పళ్ళకు రక్షణ లోపిస్తుంది. మూడేళ్ళ లోపు బిడ్డకు బియ్యపు గింజంత, మూడు నుండి ఆరేళ్ళ వరకు బఠానీ గింజంత పేస్టు చాలు. ప్రకటనలలో చూపినట్లు బ్రష్షు నిండా వేయవద్దు. ఏడెనిమిదేళ్ళు వచ్చేవరకు పెద్దలే దగ్గరుండి తోమించాలి. తోమిన తరువాత నురుగును బాగా ఉమ్మివేయాలి, కాని చెంబెడు నీళ్ళు పోసుకొని పుక్కిలించి పేస్టునంతా కడిగివేయవద్దు. పంటిమీద మిగిలిన ఆ కొంచెమే రాత్రంతా కాపలా కాస్తుంది. వేపపుల్ల, కానుగ పుల్ల వాడే పెద్దలు పాచి పోయేటట్లు మెత్తగా నమిలి తోముకోవచ్చు గాని, అందులో ఫ్లోరైడు రక్షణ లేదని గుర్తించాలి. పొగాకు కలిపిన పళ్ళపొడి మాత్రం ఏ వయసు వారికీ తగదు. అది పళ్ళను కాదు, ప్రాణాన్నే తీయగలదు.

చివరగా ఈ పాఠశాలకూ, ఈ సభలోని పూర్వ విద్యార్థులకూ మూడు విన్నపాలు. మొదటిది, బడిలో పిల్లలు తాగే నీటినీ, మధ్యాహ్న భోజనం వండే నీటినీ ఏటా పరీక్ష చేయించి, లీటరుకు ఎంత ఫ్లోరైడు ఉన్నదో ఆ అంకెను ప్రకటన ఫలకం మీద వ్రాయించండి. అంకె కనబడితే ఊరు అడుగుతుంది. ఊరు అడిగితే పని జరుగుతుంది. రెండవది, ఒకటి, రెండు తరగతుల పిల్లలందరి ఆరేళ్ళ దవడ పళ్ళను సంవత్సరానికొకసారి దంతవైద్యునికి చూపించండి. కె.జి.ఎఫ్.లో దంతవైద్య కళాశాల ఉన్నది. జిల్లాలో ప్రభుత్వ ఆసుపత్రులున్నాయి. ఈ బడిలో చదివి ఉన్నత స్థితికి వచ్చిన పూర్వ విద్యార్థులు జూబిలీ జ్ఞాపకార్థం శిలాఫలకంతో పాటు ఏటా ఒక తరగతి పిల్లలకు సీలెంటు వేయించే బాధ్యత స్వీకరిస్తే, ఆ పుణ్యం ఆ పిల్లల నోటిలో దశాబ్దాల పాటు నిలుస్తుంది. మూడవది, మధ్యాహ్న భోజనం తరువాత పిల్లలందరూ నీటితో నోరు పుక్కిలించే అలవాటు చేయించి, బడి గేటు వద్ద జిగురు మిఠాయిలకు బదులు వేరుశనగలు, జామకాయలు అమ్మేటట్లు చూడండి.

మొక్కై వంగనిది మానై వంగునా అన్నారు పెద్దలు. ఎనిమిదేళ్ళ లోపున ఏ నీరు తాగినారో, ఆరవ ఏట ఆ నాలుగు పళ్ళను ఎవరు చూచినారో, రాత్రి పడుకునే ముందు ఎవరు దగ్గరుండి తోమించినారో, వీటిని బట్టే అరవయ్యవ ఏట ఆ మనిషి నోటిలో ఎన్ని పళ్ళుంటాయన్నది నిర్ణయమవుతుంది. అప్పుడు మేము చేసే చికిత్స కంటె ఇప్పుడు మీరు చేసే పనే గొప్పది. ఖర్చు కూడా స్వల్పమే.

ఈ విద్యాలయం శతవార్షికోత్సవం జరుపుకొనే నాటికి, నేడు ముందు వరుసలో కూర్చున్న ఈ చిన్నారులు తమ పిల్లలను వెంటబెట్టుకొని, మచ్చలూ పుచ్చులూ లేని పళ్ళతో నిండుగా నవ్వుతూ ఈ ప్రాంగణానికి రావాలని ఆకాంక్షిస్తూ సెలవు తీసుకొంటున్నాను.